ఇద్దరికీ ఒకటే పాస్‌వర్డు

ఆఫీసుల్లో కంప్యూటర్లకు పెట్టుకున్న పాస్‌వర్డులు ఎంత గట్టివో పరీక్షించి చెప్పడం నా పని. మాది హిందూపురం. నన్ను పనిలో పెట్టుకున్న కంపెనీ బెంగుళూరులో ఉంది గానీ, మా వైపు వచ్చే పనులన్నీ నాకే అప్పగిస్తుంది. తెలుగూ కన్నడమూ రెండూ వచ్చు కాబట్టి, రైలెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు కాబట్టి నాకూ అదే అనుకూలం. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే కంప్యూటరు పని అని చెప్పి ఊరుకునేదాన్ని. వివరంగా చెబితే, "అయితే మా ఫోను గూడా తెరుస్తావా ఏంది?" అని నవ్వుతూనే ఫోను అవతలి చేతిలోకి మార్చుకునేవాళ్లు.

పోయిన ఏడాది ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారం వాళ్ల దగ్గర పని వచ్చింది. అసలు ఆఫీసూ, చీరల స్టాకు గదీ ధర్మవరంలో. పట్టుదారం కొనడానికి హిందూపురంలో ఒక గది తీసుకున్నారు. బయటి ఊళ్లకు సరుకు పంపే గోడౌను పెనుకొండ దాటాక హైవే పక్కన ఉంది. మూడుచోట్ల ఉన్న కంప్యూటర్లనూ ధర్మవరంలోని ఒకే సర్వరుకు కలిపారు. వాళ్లకు తెలిసిన మరో వ్యాపారి కంప్యూటర్లలోకి ఎవరో దూరి, ఫైళ్లన్నీ తెరుచుకోకుండా చేశారట. ఆ భయంతో మమ్మల్ని పిలిచారు. ఆఫీసు వ్యవహారాలు చూసేది యజమాని తమ్ముడు. అందరూ ఆయన్ని చిన్న సావుకారు అనేవారు.

హిందూపురంలో పని తొందరగానే అయిపోయింది. అక్కడి అబ్బాయి పాస్‌వర్డును చీటీ మీద రాసి కీబోర్డు కింద అంటించుకున్నాడు. పెనుకొండ గోడౌనులో కంప్యూటరు ముందు కూర్చున్నతను పాస్‌వర్డు మరిచిపోయి, బయట లారీకి మూటలెత్తుతున్న మనిషిని కేకేసి అడిగాడు.

"ఏమబ్బా, పాస్‌వర్డు ఏం పెడ్తిమి మొన్న?"

ఆ మనిషి లారీ మీద నుంచే హైవే అంతా వినిపించేలా చెప్పాడు. నేను నవ్వాను. వాళ్లూ నవ్వారు. ఈ పనిలో అలాంటి సరదాలు ఉండేవి. ఒకరి తప్పు పట్టుకోబోతున్నానన్న బరువు నాకు ఎప్పుడూ ఉండేది కాదు. దొరికేది పాస్‌వర్డు, మనిషి కాదు కదా అనుకునేదాన్ని.

తర్వాత ధర్మవరం వెళ్లాను. చిన్న సావుకారు సంతకం పెట్టిన అనుమతి తీసుకుని, సర్వరు నుంచి పాస్‌వర్డుల వివరాలు నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. విండోస్ మన పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచుకోదు. దాన్ని అర్థంకాని అక్షరాలూ అంకెల వరుసగా మార్చి పెట్టుకుంటుంది. ఆ వరుసను చూసి అసలు మాట చెప్పడం ఎవరి తరమూ కాదు. మేం చేసేదేమిటంటే, జనం సాధారణంగా పెట్టుకునే లక్షల మాటలను అదే పద్ధతిలో వరుసలుగా మార్చి, ఏది దేనితో సరిపోతుందో చూడటం. సరిపోతే ఆ పాస్‌వర్డు బయటపడినట్టే. ఇంకో సంగతి కూడా ఉంది. ఇద్దరు మనుషులు ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే ఇద్దరి వరుసా అచ్చంగా ఒకటే అవుతుంది. పాస్‌వర్డు ఏమిటో తెలియకపోయినా, ఇద్దరిదీ ఒకటేనని మాత్రం తెలిసిపోతుంది.

వాళ్లు నాకిచ్చిన చిన్న గదిలో ప్రోగ్రాము పెట్టి కూర్చున్నాను. దేవుళ్ల పేర్లు, పిల్లల పేర్లు, సంస్థ పేరు పక్కన ఒకటి రెండు మూడు, ఒకదాని వెనక ఒకటి టపటపా రాలిపడ్డాయి. మధ్యాహ్నానికి మిగిలినవి కొన్నే. వాటిలో రెండు వరుసలు అచ్చంగా ఒకటే. పాస్‌వర్డు మాత్రం ఎంతకీ దొరకడం లేదు. అంటే చాలా పొడుగైనది, బాగా ఆలోచించి పెట్టుకున్నది. ఊరికే కలిసిపోయే అవకాశమే లేదు. ఆ ఖాతాల్లో ఒకటి స్టాకు గది చూసుకునే పెద్దాయనది, రెండోది బిల్లింగులో కూర్చునే ఒకమ్మాయిది.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. ఎన్నో ఆఫీసులు తిరిగాను గానీ ఇంత ముచ్చటైన సంగతి నా చేతికి రావడం అదే మొదలు. ఆ సంతోషంలోనే లేచి ఆమె దగ్గరికి వెళ్లాను.

ఆమెకు ముప్పై లోపే ఉంటుంది. ధర్మవరం సాయిబుల అమ్మాయి. వాళ్లాయన బస్టాండు దగ్గర సైకిళ్లూ స్టవ్వులూ బాగుచేస్తాడట. నేను పక్కన నిలబడి, మీ పాస్‌వర్డూ స్టాకు గది ఆయన పాస్‌వర్డూ ఒకటే ఉన్నాయి, ఎందుకని మెల్లగా అడిగాను. ఆమె మొహం పాలిపోయింది. చేస్తున్న బిల్లు అలాగే వదిలేసి నన్ను మెట్ల కిందికి, నీళ్ల క్యాను పెట్టిన చోటికి తీసుకెళ్లింది.

"అక్కా, యాడా అనొద్దు. అన్నకు కండ్లు కనపడ్డం ల్యా."

"ఎవరికి?"

"స్టాకు గది అన్నకే. షుగరుతో పోయినాయి. చీర చేతిలో పట్టుకోని కిటికీ కాడికి పోతే అంతో ఇంతో చూసుకుంటాడు. స్క్రీను మీద అక్షరాలు మాత్రం అన్నీ కలిసిపోతాయంట. ఆయన స్కెచ్‌పెన్నుతో ఇంతింత లావు రాసిస్తే, నేను అందరూ అన్నానికి పోయినప్పుడు ఆయన పేరుతో లోపలికి పోయి ఎక్కిస్తాండా. పాస్‌వర్డు మార్చమని కంప్యూటరు అడిగినప్పుడల్లా ఆయనది గూడా నేనే మారుస్తా. రెండు రెండు గుర్తుపెట్టుకోల్యాక ఒకటే పెడ్తి."

"ఎన్నాళ్ల నుంచి?"

"శానా దినాలాయ. నేను పనిలో చేరినప్పుడు నాకు మౌసు పట్టుకునేది గూడా రాదక్కా. ఆయనే కూచోబెట్టుకోని నేర్పిచ్చినాడు. ఇంగా కొంచెం సర్వీసు ఉండాది. అంతవరకు ఎట్లనో నెట్టుకొస్తే సాలు అంటాండాడు." నా మొహంలోకి చూసి, "ఇది రాస్తావా అక్కా?" అని అడిగింది.

"పేర్లు రాయను," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని వదిలింది. పాస్‌వర్డు ఏమిటో కూడా చెప్పబోయింది. చెప్పొద్దన్నాను. నేను అన్న మాట మీద నాకు నమ్మకం ఉంది. మేం రాసే నివేదికల్లో మామూలుగానే మనుషుల పేర్లు పెట్టం.

సాయంత్రం బయల్దేరుతుంటే పెద్దాయన స్టాకు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, మెడచుట్టూ తువ్వాలు. నా వైపే చూస్తున్నాడు గానీ చూపు నా భుజం మీదుగా పోతోంది. తెలియకపోతే ఏదో ఆలోచిస్తున్నాడనుకునేదాన్ని.

"ఏమ్మా, అందరి పాస్‌వర్డులూ పట్టుకుంటివంట. నాది దొరికిందా?"

"దొరకలేదు సార్. అందరికన్నా మీదే గట్టిది."

ఆయన మొహం వెలిగిపోయింది. లోపలికి తిరిగి, "వింటిరా? నాదే గట్టిదంట!" అని కేకేశాడు. బిల్లింగులో ఆమె తలెత్తలేదు.

మర్నాడు పొద్దున ఇంట్లో కూర్చుని నివేదిక రాశాను. బలహీనమైన పాస్‌వర్డులు ఎన్ని, ఏం చెయ్యాలి, అవన్నీ అయ్యాక చివరికి ఈ సంగతి మిగిలింది. వదిలెయ్యొచ్చు. వదిలేస్తే ఎవరికీ తెలియదు. కానీ నివేదిక మొత్తంలో నేను కనిపెట్టానని చెప్పుకోదగ్గది అదొక్కటే. చాలాసేపు తటపటాయించి ఇలా రాశాను: స్టాకు విభాగంలో ఒక ఖాతాకూ, బిల్లింగు విభాగంలో ఒక ఖాతాకూ ఒకే పాస్‌వర్డు ఉంది. పేర్లు లేవు. మాట తప్పలేదు.

స్టాకు విభాగంలో ఉన్నది ఒకే ఒక్క మనిషి. అది రాసేటప్పుడు నాకు ఆ సంగతి తెలుసు. తట్టలేదని చెప్పుకుందామని తర్వాత ఎన్నోసార్లు ప్రయత్నించాను. తట్టింది. తట్టినా రాశాను. బెంగుళూరులో మా పైఅధికారి అది చదివి, "భలే పట్టుకున్నావే," అని ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఆ రోజంతా ఉత్సాహంగానే ఉన్నాను.

వారం తిరక్కుండా చిన్న సావుకారు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, ఈ స్టాకు, బిల్లింగు కత ఏంది? ఇద్దరిదీ ఒకటే పాస్‌వర్డు ఎట్లయితాది?"

"ఖాతాలు ఎవరివో నివేదికలో పెట్టలేదు సార్," అన్నాను.

"నువ్వు పెట్టాల్సిన పని ల్యాదులే. స్టాకులో ఉండేది ఆయన ఒక్కడే గదా. నేనడిగేది అది గాదు. చీరలు లోపలికి తెచ్చుకునే మనిషీ, బయటికి బిల్లు కొట్టే మనిషీ ఒకటే తాళంచెవి పెట్టుకుంటే ఏమనుకోవల్ల? ఏంటికి పెట్టుకున్న్యారో నీకేమన్నా తెలుసా?"

జవాబు చెప్పాల్సింది అప్పుడే. ఆయనకు చూపు ఆనడం లేదు సార్, ఆ అమ్మాయి సాయం చేస్తోంది, ఆమె పేరు మీదే స్టాకు ఎక్కించుకునే అనుమతి ఇస్తే సరిపోతుంది అని ఆ రెండు మాటలూ చెప్పి ఉండొచ్చు. చిన్న సావుకారు చెడ్డవాడు కాదు. వినేవాడు. కానీ ఎవరికీ చెప్పొద్దని ఆమె అడిగింది కదా అనుకున్నాను. ఆ మాట వెనక ఇంకొకటి కూడా ఉంది. తెలిసీ నివేదికలో ఎందుకు రాయలేదని ఆయన అడిగితే నా పేరు పోతుంది. రెండిట్లో ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"నాకు తెలీదు సార్," అన్నాను.

"సరేలే, మేం చూసుకుంటాం," అని పెట్టేశాడు.

తర్వాత మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతులో తేలిక ఉంది. "చీరలన్నీ సరిగ్గానే ఉండాయమ్మా. ఒక్కటి గూడా తక్కువ రాల్యా. ఊరికే అనుమానపడ్తిమి. ఆయనకు కండ్లు కనపడవంట! మాకెవురికీ తెలీకపాయ. ఉండు, ఇంకో పని చూపిస్తామన్న్యా ఇనకుండా మానేసి పాయ." తర్వాత, కొత్త పాస్‌వర్డులు ఎంత పొడుగుండాలని అడిగాడు. ఎంతుండాలో చెప్పాను.

మరుసటి రోజు పనేమీ లేకపోయినా ధర్మవరం రైలెక్కాను. ఆఫీసుకు వెళితే ఆమె సీట్లోనే ఉంది. నన్ను చూసి లేవలేదు. చాలాసేపు నిలబడ్డాక తనే మెట్ల దగ్గరికి వచ్చింది.

"ఏం జరిగింది?" అన్నాను.

"స్టాకు గదికి తాళం వేసి, ఇద్దర్నీ బయట కూచోబెట్టిరి. చీరలన్నీ కింద పరిచి ఒక్కొక్కటే చూసిరి. పనోళ్లంతా చుట్టూ నిలబడి చూస్తాంటే మేం ఆడ దొంగలమాదిరి కూచుంటిమి. ఏంటికి ఒకటే పెట్టుకున్న్యారని నన్నడిగిరి. నేను నోరు తెరవల్యా, అన్న చెప్పొద్దన్న్యాడు గదా అని. అప్పుడు ఆయనే లేసి, 'ఆ పాపను అడగొద్దండి, నాకు కండ్లు కనపడవు' అన్న్యాడు. అందరి ముందర. పరీక్ష చేస్తామన్నట్ల ఒకడు చెయ్యెత్తి వేళ్లు చూపిచ్చె అక్కా, ఇవెన్ని అని."

ఆమె నా వైపు తిరిగింది.

"పేర్లు రాయనంటివి గదా."

"రాయలేదు."

"రాయాల్సిన పని ల్యాకనే రాయల్యా నువ్వు," అంది. గట్టిగా కూడా అనలేదు. అని లోపలికి వెళ్లిపోయింది.

పెద్దాయన ఇల్లు అడుక్కుంటూ వెళ్లాను. ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆడుతోంది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు విడుస్తూ, "సార్, నేను," అన్నానో లేదో, "రామ్మా, గొంతు గుర్తుపడ్తి. కూచో," అన్నాడు. లోపల నుంచి వాళ్లావిడ వచ్చింది.

"నువ్వేనా ఆ కంప్యూటర్లు చూసిన పాప?"

అవునన్నాను. ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది.

నేను అరుగు అంచున కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టాడు.

"కండ్లు పోయినాయంటే ఇంటికి పంపుతారని భయపడ్తినమ్మా. దొంగనంటారని మాత్రం యాపొద్దూ అనుకోల్యా. మీసాలు రాకముందు చేరితి ఆ అంగట్లో."

"తప్పు నాది సార్."

"నీ తప్పేముండాది? నీ పని నువ్వు చేస్తివి." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత తలతిప్పకుండానే అడిగాడు. "ఆ పాప నీకు ముందే చెప్పినాదంటనే, నాకు కనపడదని?"

"చెప్పింది."

"మరి సావుకారు అడిగితే తెలీదంటివంట?"

అబద్ధం చెప్పడానికి ఇంక ఏమీ మిగల్లేదు. "అవును సార్," అన్నాను.

ఆయన వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. ఎవరో సైకిలు మీద దారపు కట్టలు వేసుకుని పోతూ పలకరిస్తే, "ఆ, బాగుండా," అన్నాడు. తిడతాడేమోనని భయపడుతూ వచ్చినదాన్ని, ఒక్క మాట తిడితే బాగుండునని కూర్చున్నాను.

మాట్లాడింది వాళ్లావిడ. "ఆపొద్దుదాకా నాకు గూడా తెలీదమ్మా. అన్నంలో రాయి కనపడితే కసిరేటోడు, ఊరికే తింటాంటే మంచోడయినాడనుకుంటి. అనంతపురం తీసుకపోతిమి. డాక్టరు ఇంత ఆలస్యంగానా తెచ్చేది అన్న్యాడు. ముందే వచ్చింటే ఒక కన్నన్నా నిలబెట్టేటోళ్లంట. ఈయన దాచిపెట్టె. ఆ పాప దాచిపెట్టె. నువ్వొచ్చి చూసి నువ్వూ దాచిపెడ్తివి. అందరూ ఈయన మంచికే దాచినారంట!"

ఆ మాటలో నేను పట్టుకుని గట్టెక్కే కొమ్మ ఒకటి ఉంది. ఆ విషయం బయటపడబట్టే కదా ఆయన ఆసుపత్రికి వెళ్లాడు అని. తిరుగు రైల్లో పెనుకొండ కొండ కనిపించేదాకా ఆ కొమ్మనే పట్టుకుని వచ్చాను. కానీ నేను బయటపెట్టింది ఆయన జబ్బును కాదు. దొంగతనం వాసన వచ్చే ఒక వాక్యాన్ని రాసి, దాని వెనక ఉన్న జబ్బును దాచాను. చెప్పాల్సింది దాచి, దాచాల్సింది చెప్పాను.

ఆ అరుగు మీద ఉండగా, బెంగుళూరులో పెద్ద కళ్లాసుపత్రిలో చూపిద్దాం, దారిలో హిందూపురంలో నేనూ ఎక్కుతాను, అక్కడ నాకు కన్నడం వచ్చు కాబట్టి తోడుంటాను అన్నాను. ఆవిడ, "మేం పోతాంలేమ్మా," అంది. కోపంగా కాదు. చుట్టంకాని మనిషికి చెప్పినట్టు చెప్పింది. మజ్జిగ తెచ్చిచ్చింది. తాగి వచ్చేశాను.

మర్నాడు చిన్న సావుకారుకు ఫోన్ చేసి, మీరు అడిగినప్పుడు నాకు తెలుసని, తెలిసే తెలీదన్నానని చెప్పాను. "అప్పుడే చెప్పింటే ఆయన్ని లోపలికి పిలిచి మాట్లాడేటోన్ని గదమ్మా," అన్నాడు. ఆయన్ని మళ్లీ పిలవమని బతిమాలాను. అన్నా తమ్ముడూ ఇద్దరూ ఇంటికి వెళ్లి పిలిచారట. రానన్నాడట. మా కంపెనీకి కూడా జరిగినదంతా రాసి పంపాను. ఇకమీదట ఇలాంటివి తగిలితే నివేదికకు ముందు ఆ మనుషులతోనూ యజమానితోనూ కలిపి మాట్లాడాలని రాశాను. పైఅధికారి సరేనన్నాడు. అది మాకిప్పుడు పద్ధతి అయింది. ఆ పద్ధతి బాగుందని ఎవరైనా అంటే మాత్రం నాకు తల ఎత్తబుద్ధి కాదు.

చెప్పిన మార్పులు చేశారో లేదో చూడటానికి కొన్ని నెలల తర్వాత మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. వేరే ఎవరినైనా పంపమని అడుగుదామనుకుని, అడగలేదు. హిందూపురంలో చీటీ తీసేశారు. పెనుకొండలో కేకలు లేవు. ధర్మవరంలో స్టాకు గది కూడా ఇప్పుడు ఆ అమ్మాయే చూసుకుంటోంది. ఆమె పేరు మీదే అనుమతి ఇచ్చారు. సర్వరులో ఒక చిన్న గడిలో టిక్కు పెడితే అయిపోయే పని. ఆ టిక్కు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో.

ప్రోగ్రాము పూర్తయింది. ఏ రెండు వరుసలూ కలవలేదు. బలహీనమైనవీ దాదాపు లేవు. నేను ల్యాప్‌టాప్ సర్దుకుని బిల్లింగు పక్కనుంచి వస్తూ ఆగాను.

"ఆయన ఎలా ఉన్నారు?"

ఆమె స్క్రీను మీద నుంచి చూపు తిప్పలేదు. "ఒక కంటికి ఆపరేషను అయింది మేడం. వెలుగు తెలుస్తాదంట." అప్పుడు అక్కా అన్న గొంతే అది. కాసేపటికి తనే అడిగింది. "ఈసారి బాగుండాదా మీ రిపోర్టు?"

"బాగుంది," అన్నాను.

"సరే మేడం," అని ఆమె తర్వాతి బిల్లు మొదలుపెట్టింది.